డికెన్స్ నవలలో సర్కస్ కుటుంబాలు: ఒక పునఃపరిశీలన

రెండేళ్ల కిందట ఒక కవితా సంపుటిని సమీక్షిస్తూ నేనొక వాక్యం రాశాను. ఆ కవికి చెప్పవలసిన విషయమేమీ లేదనీ, ఉన్నదల్లా మాటలతో ఆడే దొమ్మరాటేననీ దాని సారాంశం. రాసినప్పుడు నాకు చాలా తృప్తి కలిగింది. రూపవాదాన్ని ఖండించవలసి వచ్చినప్పుడల్లా మన విమర్శకులు వాడుతూ వచ్చిన మాటలే అవి: గారడీ, సర్కస్ ఫీట్లు, దొమ్మరి విద్యలు, పిల్లిమొగ్గలు. అందరూ వాడుతున్నారు గనక నేనూ వాడాను.

కొన్నాళ్లకు, ఆ సమీక్ష చదివిన విద్యార్థి ఒకడు తరగతి అయిపోయాక నా దగ్గరికి వచ్చాడు. "సార్, గడ మీద పట్టు తప్పితే నడుం విరుగుతుంది. పద్యంలో పట్టు తప్పితే ఏం విరుగుతుంది?" అని అడిగాడు. నేను నవ్వి ఊరుకోబోయాను. అతను నవ్వలేదు. "ఆ కవిగారు కష్టపడకుండా రాశారని కదా మీ ఆక్షేపణ. మరి ఆయన్ని కష్టపడేవాళ్ల పేరుపెట్టి తిట్టారేం?" అన్నాడు. అతనిది ఏ కుటుంబమో నేనడగలేదు. అడగవలసిన అవసరమూ లేదు. ప్రశ్న న్యాయమైనది. శ్రమను గౌరవించడం మా విమర్శకు పునాది అని చెప్పుకునే మనం, కొందరి శ్రమను తిట్టుగా వాడుతున్నాం. అంటే వాళ్లు చేసేది శ్రమేనని మనం మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదన్నమాట.

ఈ ప్రశ్నే నన్ను చార్లెస్ డికెన్స్ నవల 'హార్డ్ టైమ్స్' దగ్గరికి మళ్లీ తీసుకువెళ్లింది. అందులో మిల్లు ఉంది, బడి ఉంది, కార్మిక సంఘం ఉంది. ఊరిచివర సర్కస్ డేరా కూడా ఉంది. చదువుకునే రోజుల్లో నేను మిల్లును గురించిన అధ్యాయాల కింద గీతలు గీసుకుని, డేరాను గురించిన పేజీలు త్వరత్వరగా తిప్పేశాను. అవి ఆటవిడుపని నా అభిప్రాయం. ఇప్పుడు చదివితే, నేను తిప్పేసిన పేజీల్లోనే నా విద్యార్థి ప్రశ్నకు జవాబు సగం దొరికింది. మిగిలిన సగం డికెన్స్ చెప్పకుండా వదిలేసిన చోట దొరికింది.

2

ఈ నవల 1854 ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా డికెన్స్ నడిపిన 'హౌస్‌హోల్డ్ వర్డ్స్' అనే వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఉత్తర ఇంగ్లండులోని ప్రెస్టన్ పట్టణంలో జౌళి కార్మికులు పదిశాతం కూలి పెంచమని పోరాడుతూ, మిల్లులు మూతబడి పస్తులుంటున్న కాలమది. 1854 జనవరిలో డికెన్స్ స్వయంగా అక్కడికి వెళ్లి చూసి వచ్చాడు. నవలలోని కోక్‌టౌన్ అటువంటి మిల్లు పట్టణం. అక్కడ గ్రాడ్‌గ్రైండ్ అనే పెద్దమనిషి ఒక బడి నడుపుతాడు. వాస్తవాలు తప్ప మరేమీ పిల్లల తలలోకి పోకూడదని ఆయన సిద్ధాంతం. ఆయన కన్నకూతురు లూయిసా, కొడుకు టామ్ ఒకరోజు సర్కస్ డేరా సందులోంచి దొంగతనంగా లోపలికి చూస్తూ తండ్రికి పట్టుబడతారు. ఈ చెడుబుద్ధి ఎక్కడినుంచి వచ్చిందా అని విచారిస్తే, బడిలో కొత్తగా చేరిన సర్కస్ పిల్ల సిస్సీ జూప్ సావాసమే కారణమని తేలుతుంది. ఆ పిల్లను బడినుంచి వెళ్లగొట్టడానికి గ్రాడ్‌గ్రైండ్, అతని స్నేహితుడైన మిల్లు యజమాని బౌండర్‌బీ కలిసి సర్కస్ వాళ్లు దిగిన సత్రానికి బయలుదేరుతారు.

అక్కడ వాళ్లకు కనిపించేది ఒక కుటుంబం కాదు, కుటుంబాల గుంపు. ఇద్దరు ముగ్గురు యువతులు, వాళ్ల భర్తలు, వాళ్ల తల్లులు, ఎనిమిదీ తొమ్మిదిమంది పిల్లలు. ఒక కుటుంబంలోని తండ్రి మరో కుటుంబంలోని తండ్రిని పొడవాటి గడ చివర నిలబెట్టి మోస్తాడు. మూడో కుటుంబంలోని తండ్రి ఆ ఇద్దరినీ తన భుజాల మీద ఎక్కించుకుని, కిడ్డర్‌మిన్‌స్టర్ అనే ముసలిముఖం కుర్రవాణ్ణి శిఖరాన నిలిపి గోపురం కడతాడు. తల్లులు తీగమీదా తాడుమీదా నాట్యం చేస్తారు, జీను లేని గుర్రాల మీద నిలబడి స్వారీ చేస్తారు. వాళ్ల బట్టలు శుభ్రంగా లేవు, ఇళ్లు సర్దుకోవడం తెలియదు, అందరి చదువూ కలిపినా ఒక ఉత్తరం తిన్నగా రాదు. అయినా ఒకరి కష్టానికి మరొకరు ఆదుకోవడంలో, మోసం చెయ్యడం చేతగాకపోవడంలో వాళ్లు ఎవరికీ తీసిపోరని డికెన్స్ అంటాడు.

సిస్సీ తండ్రి జూప్ ఈ గుంపులో బఫూను. అతని కథ నవలలో తెరవెనుకే జరుగుతుంది. మనకు అతను ఒక్కసారి కూడా ఎదురుగా కనిపించడు. కాని ఈ నవలలో శ్రమను గురించి చెప్పిన అతి నిష్ఠురమైన సత్యం అతనిదే. అతని కీళ్లు బిగుసుకుపోతున్నాయి. గెంతవలసిన చోట గెంతలేకపోతున్నాడు. మూడు ఆటల్లో వరసగా జనం ఈలలువేసి గేలిచేశారు. ఆ గేలి తన కూతురికి తెలియడమే అతన్ని అన్నిటికంటే ఎక్కువగా కోసింది. దెబ్బలకు రాసుకునే తైలం తెమ్మని ఆ పిల్లను కొట్టుకు పంపి, చంకలో మూట పెట్టుకుని, మెర్రీలెగ్స్ అనే తన కుక్కను తీసుకుని ఎటో వెళ్లిపోయాడు. తైలం సీసాతో తిరిగివచ్చిన పిల్లకు ఖాళీ గది మిగిలింది. తండ్రి ఎప్పటికైనా వస్తాడని ఆ సీసాను ఆమె ఏళ్లతరబడి దాచుకుంటుంది.

కూతురిమీద ప్రేమలేక జూప్ పారిపోలేదని తోటివాళ్లందరికీ తెలుసు. ఆమెకు చదువు చెప్పించాలని అతను పిచ్చిగా తాపత్రయపడ్డాడు. తనకు తెలిసిన విద్య మాత్రం నేర్పలేదు. ఎందుకు? ఆ విద్య మనిషిని ఎన్నేళ్లు పోషిస్తుందో, ఎక్కడ వదిలేస్తుందో అతని కీళ్లకు తెలుసు. తన బిడ్డ తనలా కాకూడదని కోరుకునే ప్రతి శ్రామికుడిలోనూ జూప్ ఉన్నాడు. మిల్లులో చెయ్యి తెగినవాడికి యజమాని పేరు తెలుసు, నిలదీయడానికి ఒక గేటు ఉంది. బఫూను కీళ్లు అరిగిపోతే నిలదీయడానికి ఎవరున్నారు? నవ్వు రాలేదని ఈలవేసిన ప్రేక్షకుడా? ఆ ప్రేక్షకుడూ మిల్లులో పగలంతా అరిగిపోయి, సాయంకాలం ఒక నవ్వు కొనుక్కుందామని వచ్చినవాడే కావచ్చు. ఒక శ్రామికుడి విశ్రాంతి మరొక శ్రామికుడి పనిగంట అవుతుంది. ఇది గుర్తించకపోతే డేరాను గురించి మనం ఎంత రాసినా అది ప్రేక్షకుడి రాతే అవుతుంది.

3

ఈ నవలను రస్కిన్ మెచ్చుకున్నాడు. మెకాలే ఇందులో కనిపించే సోషలిజాన్ని ఈసడించుకున్నాడు. బెర్నార్డ్ షా 1912లో దీనికి పీఠిక రాస్తూ, ఇందులోని కార్మిక నాయకుడు స్లాక్‌బ్రిడ్జ్ మధ్యతరగతి ఊహలో తప్ప ఎక్కడా లేడని తేల్చాడు. డేరా విషయంలో మనకు ముఖ్యమైనవాళ్లు ఇద్దరు. ఎఫ్.ఆర్. లీవిస్ 1948లో ఈ నవలను డికెన్స్ రచనల్లో ప్రత్యేకంగా ఎత్తిచూపి, సర్కస్‌ను జీవశక్తికీ కళకూ ప్రతీకగా వ్యాఖ్యానించాడు. రేమండ్ విలియమ్స్ 1958లో, డికెన్స్ దృష్టిలో మంచి మానవ సంబంధాలకు ఆధారం చదువూ సంస్థలూ లేని సహజ జీవితమేననీ, దాన్ని చూపడానికే సర్కస్‌ను వాడుకున్నాడనీ విశదపరిచాడు.

విలియమ్స్ డికెన్స్ ఉద్దేశాన్ని సరిగానే పట్టుకున్నాడు. నా పేచీ ఆ ఉద్దేశంతోనే. సర్కస్ నిర్మాణంలేని జీవితమా? గడ చివర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. కింద ఆ గడను మోస్తున్న మనిషి ఉన్నాడు. కింది మనిషి ఊపిరి తప్పుగా పీలిస్తే పైమనిషి నేలకు రాలతాడు. 1768లో లండనులో ఫిలిప్ ఆస్ట్లీ గుర్రాన్ని వలయంలో పరిగెత్తిస్తూ దాని వీపుమీద నిలబడి ఆడే ఆటలు మొదలుపెట్టాడు. నలభైరెండు అడుగుల వ్యాసంగల ఆ వలయమే ఆధునిక సర్కస్‌కు ప్రమాణమైంది. గుర్రం ఒకే వేగంతో తిరగాలి, మనిషి లోపలికి ఎంత వాలాలో అంతే వాలాలి. అందులో 'సహజం' ఏమీ లేదు. ప్రతి అడుగూ లెక్కే, ప్రతి లెక్కా ఏళ్ల అభ్యాసం. పని విభజనా, క్రమశిక్షణా, కాలనియమమూ కోక్‌టౌన్ మిల్లులో ఎంత ఉన్నాయో డేరాలోనూ అంతే ఉన్నాయి. తేడా ఒక్కటే. మిల్లు మనిషిలో చేతులను మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. అక్కడ కార్మికులను పిలిచే మాట కూడా 'చేతులు' అనే. డేరాలో పక్కమనిషి మొత్తంగా కావాలి. అతను రాత్రి నిద్రపోయాడా, మనసులో దిగులుందా, మోకాలు నొప్పిగా ఉందా అన్నది తెలియకుండా అతని భుజంమీద ఎక్కడం ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే.

కాబట్టి సర్కస్ కుటుంబాల మంచితనం వాళ్ల అమాయకత్వంలోంచి పుట్టలేదు, వాళ్ల పనిలోంచి పుట్టింది. ఒకరి ఎముకలకు మరొకరు పూచీపడే పనిలో పరస్పరం ఆదుకోవడం అలవాటుగా మారుతుంది. జూప్ వెళ్లిపోయిన రాత్రి ఎమ్మా గోర్డన్ సిస్సీకి తల్లిగా, యజమాని కూతురు జోసఫీన్ అక్కగా నిలబడడానికి సిద్ధపడతారు. రక్తసంబంధం లేకపోయినా కుటుంబం ఏర్పడుతుంది. డికెన్స్ దీన్ని హృదయ గుణంగా చూశాడు. నేను దీన్ని శ్రమ సంబంధంగా చూస్తున్నాను.

ఇందుకు నవలలోనే సాక్ష్యముంది. బడిలో సిస్సీని అడుగుతారు: ఒక దేశంలో ఐదుకోట్ల పౌన్ల ధనముంటే అది సంపన్నమైన దేశం కాదా అని. ఆ డబ్బు ఎవరిదగ్గర ఉందో, అందులో తనకేమైనా ఉందో లేదో తెలియకుండా చెప్పలేనంటుంది. లక్షమంది సముద్రప్రయాణం చేస్తే ఐదువందలమంది చనిపోయారు, శాతమెంత అని అడుగుతారు. చనిపోయినవాళ్ల బంధువులకు శాతం ఏమీ లేదంటుంది. ఉపాధ్యాయుడు ఆమెను మొద్దు అనుకుంటాడు. చాలామంది విమర్శకులు ఇది పసిమనసు జ్ఞానమంటారు. కాదు, ఇది డేరా జ్ఞానం. డేరాలో పడిపోయినవాడు శాతంలో ఒకడు కాడు. అతనికి పేరుంది, అతని భార్య మర్నాడు ఆటకు రావాలి. ఎమ్మా గోర్డన్ భర్త అలాగే పోయాడు. భారతదేశపు సుల్తాన్ వేషంలో ఏనుగుమీది అంబారీలోంచి వెల్లకిలా పడి, మరి కోలుకోలేదు. 1857 తిరుగుబాటుకు మూడేళ్లముందు, మన దేశపు ఐశ్వర్యాన్ని ఇంగ్లీషు జనానికి అభినయించి చూపిస్తూ ఒక ఇంగ్లీషు పేదవాడు ప్రాణం పోగొట్టుకున్నాడన్నమాట. ఆ ఐశ్వర్యం ఎవరిదగ్గర ఉందో, అందులో అతనికేమైనా ఉందో అని సిస్సీ అడిగి ఉండేది.

4

ఇక్కడే డికెన్స్ పరిమితి కూడా బయటపడుతుంది. ప్రెస్టన్‌లో అతను చూసిన కార్మికులు శాంతంగా, క్రమంగా సభ నడుపుకున్నారు. తన వ్యాసంలో అతనే ఆ మాట గౌరవంగా రాశాడు. కాని నవలకు వచ్చేసరికి సంఘాన్ని స్లాక్‌బ్రిడ్జ్ అనే వాగుడుకాయ చేతుల్లో పెట్టాడు. సంఘంలో చేరని స్టీఫెన్ బ్లాక్‌పూల్‌ను తోటివాళ్లు వెలివేస్తారు. అతను చివరికి పాడుబడ్డ గనిగోతిలో పడి చనిపోతాడు. డేరాలో మనిషి మీద మనిషి నిలబడితే డికెన్స్‌కు అది మానవత్వం. మిల్లు గేటు ముందు మనిషి పక్కన మనిషి నిలబడితే అది మందబుద్ధి. రెండుచోట్లా జరిగేది ఒకటేనని అతను చూడలేకపోయాడు. ఒంటరిగా నిలబడితే పడిపోతామని తెలిసినవాళ్లు ఒకరినొకరు పట్టుకోవడమే సంఘం.

డేరా యజమాని స్లీరీని దయామయుడుగా చిత్రించడం కూడా ఈ చూపులో భాగమే. నవల చివర దొంగతనం చేసిన టామ్‌ను దాచిపెట్టేదీ, బిట్జర్ చేతికి చిక్కకుండా తప్పించేదీ అతనే. జనానికి వినోదం కావాలి, వాళ్లు ఎప్పుడూ పనిచేస్తూ, ఎప్పుడూ చదువుతూ ఉండలేరని అతని వాదం. వాదం మంచిదే. కాని ఆ వినోదం తయారుచేసేవాళ్లకు కూలి ఎంతో, దెబ్బతగిలిన వారం ఎవరు తిండి పెడతారో స్లీరీ ఎక్కడా చెప్పడు. అతన్ని అడగాలని డికెన్స్‌కూ తోచలేదు.

అంతకంటే పెద్ద విషయం పిల్లలది. బడి పిల్లలను ఖాళీ పాత్రల్లాగా నింపుతోందని డికెన్స్ మండిపడ్డాడు. డేరాలో ఏం జరుగుతోందో అతని కళ్లు చూశాయి, కలం రాసింది, కాని కోపం రాలేదు. జోసఫీన్‌ను రెండేళ్ల వయస్సులో గుర్రానికి కట్టారు. పన్నెండేళ్లకే ఆమె వీలునామా రాసుకుంది. తన శవాన్ని రెండు మచ్చల గుర్రాలు లాగాలని కోరుకుంది. డికెన్స్ ఇది సరదాగా చెప్పాడు. నాకు సరదా కలగలేదు. పన్నెండేళ్ల పిల్ల తన చావును గురించి ఏర్పాటు చేసుకుంటోందంటే, ప్రతి ఆటలోనూ ఆమె దాన్ని దగ్గరగా చూసిందన్నమాట. నవల చివరికి ఆమెకు పెళ్లై మూడేళ్ల కొడుకున్నాడు; వాడప్పటికే గుర్రంమీద ఎక్కి ఆడుతున్నాడు. ఆస్తిగలవాడి కొడుక్కు ఆస్తి సంక్రమిస్తుంది. డేరాలో కొడుక్కు తండ్రి భుజాలూ, తల్లి తాడూ, వాటితోపాటు పడిపోయే ప్రమాదమూ సంక్రమిస్తాయి. జౌళి మిల్లుల్లో పిల్లల వయస్సుకూ పనిగంటలకూ 1833 చట్టం కొన్ని హద్దులైనా పెట్టింది. ప్రమాదకరమైన ప్రదర్శనల్లో పద్నాలుగేళ్లలోపు పిల్లలను వాడకూడదని ఇంగ్లండు చట్టం చెయ్యడానికి 1879 దాకా పట్టింది. మన దేశంలో సర్కసుల్లో పిల్లలను పనిలో పెట్టడాన్ని నిషేధించమని సుప్రీంకోర్టు 2011లో కేంద్రప్రభుత్వాన్ని ఆదేశించవలసి వచ్చింది. కుటుంబమే కార్ఖానా అయినచోట ప్రేమా దోపిడీ ఒకే చేతిలో ఉంటాయి. ఆ చేతిని ముద్దుపెట్టుకోవడమూ నరకడమూ రెండూ తేలికే. దాన్ని ఉన్నదున్నట్టు చిత్రించడమే వాస్తవికవాద రచయిత చెయ్యవలసిన పని.

5

బౌండర్‌బీ సర్కస్ వాళ్లను చూసే చూపు అతను ఒక్కడిదే కాదు. దాని వెనక రాజ్యం ఉంది. 1572 నాటి ఇంగ్లీషు చట్టం పెద్ద ప్రభువుల అండలేని నటులనూ, గారడీవాళ్లనూ, ఎలుగుబంట్లను ఆడించేవాళ్లనూ దేశదిమ్మరుల జాబితాలో చేర్చి శిక్షలు విధించింది. 1824 నాటి చట్టం కంటికి కనిపించే జీవనాధారం లేకుండా తిరిగేవాళ్లను నేరస్థులుగా చూసింది. స్థిరాస్తీ స్థిరనివాసమూ లేనివాడు దొంగ అయివుండాలన్నది ఆస్తిగలవాడి తర్కం. ఈ తర్కమే సముద్రం దాటి 1871లో నేరస్థ జాతుల చట్టంగా మన దేశంలో దిగింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఆ జాబితాకు ఎక్కినవాళ్లలో మన దొమ్మరులు కూడా ఉన్నారు. డోలు కొట్టేవాడూ, గడ పట్టేవాడూ, గడ ఎక్కే ఆడమనిషీ, కింద చెయ్యిచాచే పిల్లవాడూ కలిసి ఒకే కుటుంబంగా ఊరూరా తిరిగి పొట్టపోసుకున్నందుకు వాళ్లు పుట్టుకతోనే నేరస్థులయ్యారు. చట్టం 1952లో రద్దయింది. మాటలు రద్దుకాలేదు.

పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో శ్రీశైలంలో శివరాత్రి ఉత్సవాలను వర్ణిస్తూ గడలమీద ఆడేవాళ్లను దేవకన్యలతో పోల్చాడు. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజులతోబాటు ఇటువంటి ప్రజల ఆటపాటలకు కూడా చోటిచ్చాడు. వీరఘట్టానికి చెందిన కోడి రామ్మూర్తి నాయుడు సొంత సర్కస్ నడిపి దేశదేశాల్లో పేరుపొందితే కలియుగ భీముడని పొగిడాం. కాని దేవకన్య అన్నా, భీముడన్నా, దొంగ అన్నా ఒక విషయంలో మూడూ ఒకటే. మూడూ మనిషిని కూలి అడగడానికి వీలులేని చోట నిలబెడతాయి. దేవకన్యకు కూలి అక్కర్లేదు, భీముడికి నొప్పి లేదు, దొంగకు హక్కు లేదు.

అభ్యుదయ సాహిత్యం రైతునూ, చేనేతవాణ్ణీ, గనికార్మికుణ్ణీ మనుషులుగా నిలబెట్టింది. తిరుగాడే కళాకారుల విషయంలో మనం ఇంకా గడ పైకే చూస్తున్నాం. ఆశ్చర్యమూ జాలీ రెండూ అక్కడినుంచే పుడతాయి. కథ రాయదలచినవాళ్లు చూపును ఒకసారి గడ కిందికి దించాలి. మోస్తున్నవాడి మెడనరాలు చూడాలి. అతని కొడుకు ఏ ఊరి బడిలో ఎన్నిరోజులు కూర్చున్నాడో అడగాలి. ఆట అయిపోయాక చిల్లర లెక్కపెట్టేటప్పుడు ఆడమనిషి చేతికి ఎంత వస్తుందో చూడాలి. జూప్ దాచుకున్న సిగ్గును అతని వైపునుంచి రాయాలి. డికెన్స్ అతన్ని తెరవెనుకే ఉంచాడు. ఎన్నో ఏళ్ల తర్వాత గుడ్డిదైపోయి కుంటుకుంటూ తిరిగివచ్చిన కుక్కను చూసి, జూప్ చనిపోయి ఉంటాడని స్లీరీ ఊహిస్తాడు. అతను ఎక్కడెక్కడ తిరిగాడో, ఏం తిన్నాడో ఎవరూ రాయలేదు. ఆ రాయని కథ ప్రతి భాషలోనూ ఉంది.

ఇక నా వాక్యం సంగతి. ఆ కవిని గురించి నా అభిప్రాయం మారలేదు. ఆయన పద్యాల్లో విషయం లేదు. అయితే ఆ మాట చెప్పడానికి దొమ్మరిని పిలవవలసిన అవసరం నాకు లేదు. గడ ఎక్కేవాడు పట్టు తప్పకుండా ఉండడానికి ఏళ్లు వెచ్చిస్తాడు, తప్పితే తన ఒంటితో మూల్యం చెల్లిస్తాడు, కింద ఉన్నవాణ్ణి నమ్ముతాడు. ఆ కవిలో ఈ మూడూ లేవు. నిజానికి ఆయన దొమ్మరాట ఆడి ఉంటే పద్యం మరోలా ఉండేది. ఆ సమీక్షను మళ్లీ అచ్చువేసే అవకాశం వస్తే ఆ వాక్యం కొట్టేస్తాను. అదివరకు ఈ వ్యాసాన్నే సవరణగా స్వీకరించమని పాఠకులనూ, ముఖ్యంగా ఆ విద్యార్థినీ కోరుతున్నాను.